కాన్సన్‌ట్రేటర్ టెండర్‌కి రేటు కట్టడం: బరంపురం నుంచి రాయగడ దాకా

బరంపురంలో మెడికల్ కాలేజీ దగ్గరైనా, పర్లాకిమిడి బజారులోనైనా, రాయగడలోనైనా, జయపురంలోనైనా సర్జికల్ షాపు నడిపే మనవాళ్లు ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసి రోగికి ఇచ్చే మిషన్) టెండర్ కాగితం చూడగానే అడిగే మొదటి మాట ఒకటే: "ఎంత వెయ్యమంటారు?" కిందటిసారి ఎల్-1 (అందరికన్నా తక్కువ వేసి గెలిచిన రేటు) ఎంతకి పడిందో కనుక్కుని, దాంట్లో ఓ వంద తగ్గించి వేసేసేవాళ్లే ఎక్కువ. ఆర్డరు వస్తుంది. మూడో ఏడు వచ్చేసరికి ఆ ఆర్డరు మీద సంపాదించింది ఎంతో, పోగొట్టుకున్నది ఎంతో లెక్క చూస్తే అప్పుడు తెలుస్తుంది. రేటు ఎలా కట్టాలో, కట్టిన రేటు ఏ కాగితం దగ్గర చిక్కుకుంటుందో వివరంగా రాస్తున్నాం.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిసి నడుస్తున్నాయి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్లకి ఇంకో 5 లక్షలు. ఆసుపత్రికి డబ్బు ప్యాకేజీ లెక్కన వస్తుంది. మంచం, మందు, మిషన్ వాడకం అన్నీ అందులోనే. మిషన్ అమ్మేవాడికి బీమా పథకంతో నేరుగా లావాదేవీ ఉండదు. అతని గిరాకీ భువనేశ్వర్‌లో ఉన్న ఒడిశా స్టేట్ మెడికల్ కార్పొరేషన్, లేదంటే సర్కారు కొనుగోళ్లు ఆన్‌లైన్లో జరిగే జెమ్ పోర్టల్‌లో బిడ్ పెట్టే జిల్లా ఆసుపత్రి. అమెరికాలో పెద్దవాళ్లకి సర్కారు నడిపే ఆరోగ్య బీమా మెడికేర్ సంగతి వేరు. అక్కడ పెద్దాయన ఇంట్లో పెట్టిన ఆక్సిజన్ మిషన్‌కి నెలనెలా అద్దె బీమాయే కడుతుంది: 80 శాతం బీమా, 20 శాతం రోగి. అందుకే అక్కడ బీమా పథకమే సప్లయర్ల మధ్య పోటీ బిడ్డింగ్ పెట్టింది. అది ఎక్కడ బెడిసిందో తెలిస్తే మన ఎల్-1 పద్ధతిలో ఎక్కడ కాలు జారుతుందో తెలుస్తుంది. ఆ సంగతి లెక్క అయ్యాక.

ఉదాహరణకి ఒక బిడ్ అనుకుందాం. నిమిషానికి 5 లీటర్లు ఇచ్చే ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లు 40. చేర్చాల్సిన చోట్లు 12: రాయగడ జిల్లా ఆసుపత్రి, గుణుపురం, బిస్సంకటక్, మునిగుడ, కాశీపూర్, ఇంకా లోపలి సీహెచ్‌సీలు (సామాజిక ఆరోగ్య కేంద్రాలు). వారంటీ 3 ఏళ్లు, ఆపైన 5 ఏళ్లు సీఎంసీ (విడిభాగాలతో సహా మిషన్‌ని చూసుకునే మెయింటెనెన్స్ కాంట్రాక్టు). కింద ఇచ్చే రూపాయలన్నీ లెక్క కోసం అనుకున్నవే. మీ కంపెనీ ధర, మీ ఊరి బాడుగ పెట్టి మళ్లీ కట్టుకోండి.

రేటు కన్నా ముందు స్పెసిఫికేషన్ చదవాలి. ఇంటి వాడకం మిషన్‌కీ, ఆసుపత్రికి పెట్టే మిషన్‌కీ బయటికి పెద్ద తేడా కనిపించదు. తేడా అంతా ఆక్సిజన్ శాతం ఎంత, ఎన్ని లీటర్ల దగ్గర, ఎంత వేడిలో, ఎంత తేమలో అన్న నాలుగు అంకెల్లో ఉంటుంది. 5 లీటర్ల దగ్గర 93 శాతం, మూడు అటూ ఇటూ అని చాలా బ్రోచర్లలో ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పెసిఫికేషన్ అడిగేది 40 డిగ్రీల వేడి, 95 శాతం తేమ ఉన్నా కనీసం 82 శాతం ఇవ్వాలని. కొనేవాళ్లు ఈ రెండో వాక్యం పెట్టారంటే బ్రోచర్ చాలదు, టెస్ట్ రిపోర్టు కావాలి. "ఒక నాజిల్‌కి 1 నుంచి 5 లీటర్లు" అనీ, "రెండు నాజిళ్లు కలిపి 5 లీటర్లు" అనీ రాయడంలో కూడా తేడా ఉంది. మిషనే మారిపోతుంది. ఎత్తు సంగతికి భయపడక్కర్లేదు. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తులోనే ఉంది, మామూలు మిషన్లు అంతకి తట్టుకుంటాయి. మనవైపు మిషన్‌ని తినేసేది ఎత్తు కాదు. వానాకాలపు తేమ, సాయంత్రం పడిపోయే వోల్టేజీ, మట్టిరోడ్డు దుమ్ము.

తేమ ఎందుకు చెడుపో కొంచెం చెప్పాలి. మిషన్ లోపల సీవ్ బెడ్ అనే రెండు గొట్టాల్లో జియోలైట్ గుళికలు ఉంటాయి. కంప్రెసర్ గాలిని ఒత్తిడితో అందులోకి తోస్తే నైట్రోజన్‌ని గుళికలు పట్టేస్తాయి, ఆక్సిజన్ బయటికొస్తుంది. తర్వాత ఒత్తిడి వదిలి నైట్రోజన్‌ని బయటికి ఊదేస్తుంది. ఒక గొట్టం పడుతుంటే రెండోది వదులుతుంటుంది. ఈ గుళికలకి నైట్రోజన్ కన్నా నీళ్లంటే మరీ ఇష్టం. మిషన్‌ని ఆరు నెలలు స్టోర్ రూములో మూల పడేస్తే తేమ మెల్లగా లోపలికి పోతుంది, గుళికలు నైట్రోజన్‌కి చోటివ్వవు. స్విచ్ వేస్తే చప్పుడు బాగానే వస్తుంది, గాలీ వస్తుంది, శాతం మాత్రం ఎనభైకి దిగిపోతుంది. వారంటీలో వచ్చే ఫిర్యాదుల్లో ఇలా వాడకుండా పెట్టినవి తక్కువేం కాదు. బిడ్‌లో "సీవ్ బెడ్ వారంటీలో కలిసే ఉంది" అని రాశారంటే ఆ భారం ఎవరిమీద పడుతుందో అప్పుడే తేల్చుకోవాలి. కంపెనీ డీలర్‌కి ఒక ఏడాదే ఇస్తుంది, టెండర్ మూడేళ్లు అడుగుతుంది, మధ్యలో రెండేళ్లు డీలర్ జేబులోంచే. కంపెనీ దగ్గర మూడేళ్లకీ రాతపూర్వకంగా తీసుకోకుండా రేటు కట్టొద్దు. ఫోన్లో "చూసుకుందాం సార్" అన్న మాటకి విలువ లేదు.

ఇక లెక్క. మిషన్ డీలర్ ధర జీఎస్టీ కాకుండా 32,000 అనుకుందాం. 1 కేవీఏ స్టెబిలైజర్ 2,500. మిషన్ లాగేది 350 వాట్లు అటూ ఇటూ కాబట్టి 1 కేవీఏ సరిపోతుంది. రెండూ కలిపి 34,500. చాలామంది ఇక్కడే ఆగి, 10 శాతం లాభం కలిపి 37,950 వేసేస్తారు.

ఇప్పుడు మిగిలినవి చేర్చండి. ప్యాకింగ్‌తో ఒక్కో పెట్టె ఇరవై కిలోల పైనే. 40 పెట్టెలు ఒక పికప్ బండికి బరువు లెక్కన పెద్ద ఇబ్బంది కాదు, చోటు లెక్కన ఇబ్బంది. మిషన్‌ని పడుకోబెట్టి తీసుకెళ్లకూడదు, నిలబెట్టే పేర్చాలి, పైన పెట్టే వరసలకి పరిమితి ఉంటుంది. 12 చోట్లు తిరగడానికి రెండు ట్రిప్పులు, హమాలీ, బాడుగ కలిపి 24,000 అనుకుంటే మిషన్‌కి 600. ఇన్‌స్టాలేషన్, నర్సులకి చూపించడం: ఇంజినీర్‌కి ఆరు రోజులు, రోజుకి 2,500 చొప్పున 15,000, మిషన్‌కి 375. వారంటీలో ఏడాదికి రెండుసార్లు ప్రివెంటివ్ విజిట్ (పాడవకముందే వెళ్లి చూసి రావడం) అని రాసి ఉంటే మూడేళ్లలో ఆరు దఫాలు. ఒక్కో దఫా అన్ని చోట్లూ ఒకే చుట్టులో తిరిగితే ఐదు రోజులు, రోజుకి బండితో కలిపి 3,000. ఆరు దఫాలకి 90,000, మిషన్‌కి 2,250. ఇది మిషన్ రవాణా ఖర్చుకి మూడు రెట్లకి పైన ఉంది చూడండి. రేటు షీట్లో ఈ వరస అసలు కనిపించని బిడ్లే ఎక్కువ.

ఫిల్టర్లు ఏడాదికి రెండు సెట్లు, సెట్టు 250: మూడేళ్లకి 1,500. నాజల్ కాన్యులా (ముక్కుకి పెట్టే గొట్టం), హ్యూమిడిఫైయర్ సీసా (ఆక్సిజన్‌కి తేమ కలిపే నీళ్ల సీసా) వాడి పారేసేవే గనక మామూలుగా వారంటీలో రావు, కానీ "అన్ని యాక్సెసరీలతో సహా" అనే మాట ఎక్కడైనా ఉంటే అవీ మీ నెత్తినే. సీవ్ బెడ్ 40లో 4 పోతాయనుకుని, జత 9,000 లెక్కన 36,000. మిషన్‌కి 900. సెక్యూరిటీ డిపాజిట్ 5 శాతం అనుకుంటే లక్షకి కొంచెం తక్కువగా సుమారు 38 నెలలు బ్యాంకులో ఇరుక్కుపోతుంది. ఎఫ్‌డీ మీద వచ్చే వడ్డీకీ మీరు బయట కట్టే వడ్డీకీ ఉన్న తేడా వేస్తే మిషన్‌కి సుమారు 400. సరుకు కొన్న డబ్బు బిల్లు వచ్చేదాకా నాలుగు నెలలు ఆగితే, ఏడాదికి 12 శాతం లెక్కన 13 లక్షల 80 వేల మీద 55,200. మిషన్‌కి 1,400 పెట్టుకోండి.

అన్నీ కూడితే 41,925. అంటే 37,950 వేసి ఎల్-1 వచ్చినాయనకి మిషన్‌కి 3,975 నష్టం, 40 మిషన్లకి 1,59,000. ఆయన మాత్రం 10 శాతం లాభం ఉందనే అనుకుంటుంటాడు. మొదటి ఏడాది చేతిలో డబ్బు కనిపిస్తుంది కూడా, అదే ఇందులోని మోసం. ఆలస్యం కోతకి ఓ 800, ఆపైన 6 శాతం లాభం కలిపితే 45,300 దగ్గర పడుతుంది. 5 శాతం జీఎస్టీ 2,265. వెరసి 47,565.

జీఎస్టీ దగ్గర రెండు మాటలు. 2025 సెప్టెంబరు 22 నుంచి వైద్య పరికరాల మీద 5 శాతం. అంతకు ముందు చాలావాటికి 12 ఉండేది. పాత రేటు షీటు కాపీ చేసి వేస్తే అనవసరంగా ఎక్కువ పడి ఎల్-1 పోతుంది. స్టెబిలైజర్ మీరు కొనేటప్పుడు 18 శాతం కట్టి కొంటారు. దాన్ని మిషన్‌తో కలిపి ఒకే వస్తువుగా బిల్లు చెయ్యాలా, విడిగా చూపాలా అన్నది బిడ్ వేసేముందే ఆడిటర్‌ని అడగండి. జెమ్‌లో వేసే రేటు అన్నీ కలుపుకుని వేసేది, తర్వాత "పన్ను వేరే" అంటే వినేవాళ్లు లేరు. వైజాగ్ గోడౌన్ నుంచి నేరుగా రాయగడకి పంపితే ఐజీఎస్టీ. బరంపురంలో రిజిస్ట్రేషన్ ఉండి అక్కణ్నుంచి పంపితే సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ. సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు ఉండాలి. పన్నెండు చోట్లకి పోయే బండిలో డెలివరీ చలాన్లు చోటుకొకటి విడివిడిగా పెట్టుకోండి.

సీఎంసీ రేటు విషయంలో ఇంకో ఉచ్చు ఉంది. చాలా టెండర్లలో మిషన్ ధర, ఐదేళ్ల సీఎంసీ రేటు రెండూ కలిపే పోల్చి చూస్తారు. గెలవాలని సీఎంసీకి సున్నా వేసేవాళ్లున్నారు. నాలుగో ఏడాది కంప్రెసర్ కాలితే ఆ సున్నాకే మార్చాలి. మారిస్తే నష్టం, మార్చకపోతే నోటీసు, ఆపైన బ్లాక్‌లిస్టు. కంప్రెసర్, సీవ్ బెడ్, సర్క్యూట్ బోర్డు మూడింటి ధరలు కంపెనీ దగ్గర ముందే తీసుకుని, ఐదేళ్లలో ఎన్ని మారుతాయో వేసుకుని రాయాలి.

ఇప్పుడు మెడికేర్ సంగతి. అక్కడ పాత రేట్ల పట్టిక 1980లలో సప్లయర్లు వేసిన బిల్లుల మీద కట్టింది. బజారులో ధర దిగినా పట్టిక అంతగా దిగలేదు. బిడ్డింగ్ పెట్టమని 2003లో చట్టం వచ్చింది. 2008 జూలై 1న 10 ప్రాంతాల్లో మొదలై, రెండు వారాలకే అక్కడి పార్లమెంటు ఆపేసింది. ఆపినందుకు బదులుగా ఆ వస్తువుల రేటు దేశమంతా 9.5 శాతం కోశారు. మళ్లీ 2011 జనవరి 1న 9 ప్రాంతాల్లో పెట్టారు, 2013 జూలై 1న ఇంకో 100 ప్రాంతాల్లో పెట్టారు. పాత పట్టికతో పోలిస్తే 2011 దఫాలో రేటు సగటున 32 శాతం తగ్గింది, 2013లో 45 శాతం. పోస్టులో పంపే షుగర్ స్ట్రిప్పులైతే 72 శాతం. సర్కారు ఖాతాలో చూస్తే బ్రహ్మాండం.

చిక్కంతా రేటు ఖరారు చేసే పద్ధతిలో ఉంది. తక్కువ వేసినవాళ్ల దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కరు ఎంత సరుకు ఇవ్వగలరో కూడుకుంటూ, ఆ ప్రాంతం అవసరం తీరేదాకా గెలిచినవాళ్లని ఎంచుకునేవారు. ఆ గెలిచినవాళ్ల రేట్లలో సరిగ్గా మధ్యలోది అందరికీ వర్తించే రేటు. ఐదుగురు 60, 70, 80, 90, 100 వేసి గెలిచారనుకోండి. అందరికీ 80 ఇస్తారు. 90 వేసినవాడు, 100 వేసినవాడు "గెలిచి" తమ రేటు కన్నా తక్కువకి ఇవ్వాలి. ఇది ఒక వంక. రెండో వంక ఇంకా పెద్దది: బిడ్ వేసినవాడు దానికి కట్టుబడక్కర్లేదు. రేటు ప్రకటించాక నచ్చకపోతే కాంట్రాక్టు మీద సంతకం పెట్టకుండా వెళ్లిపోవచ్చు. ఈ రెండూ కలిస్తే తెలివైనవాడు ఏం చేస్తాడు? 40 వేస్తాడు. ఎలాగూ గెలుస్తాడు, తన 40కి ఇవ్వక్కర్లేదు, మధ్యరేటు వస్తుంది, నచ్చితే ఉంటాడు. పదిమంది ఇలాగే ఆలోచిస్తే మధ్యరేటే పాతాళానికి పోతుంది. నిజాయితీగా లెక్క కట్టి 80 వేసినవాడు జాబితాలోనే ఉండడు. పీటర్ క్రామ్టన్ అనే ఆర్థికవేత్త ముందుండి, 2010లో 167 మంది వేలం నిపుణులు సంతకాలు చేసి ఈ తప్పులు ఎత్తిచూపారు.

దిద్దుబాటు మెల్లగా వచ్చింది. 2015 చట్టం బిడ్‌కి పూచీ బాండు పెట్టమంది: ఒక్కో ప్రాంతానికి 50,000 డాలర్లు. మీరు వేసిన రేటు ఖరారైన రేటుకి సమానంగానో తక్కువగానో ఉండి కూడా కాంట్రాక్టు వద్దంటే ఆ డబ్బు పోతుంది. 2021 దఫాలో మధ్యరేటు తీసేసి, గెలిచినవాళ్లలో అందరికన్నా ఎక్కువ వేసినవాడి రేటుని అందరికీ ఇచ్చే పద్ధతి తెచ్చారు. అప్పుడు ఎవరూ తాము వేసినదానికన్నా తక్కువకి ఇవ్వక్కర్లేదు. ఫలితం చూడండి: 16 రకాల వస్తువులకి పిలిచారు, వెంటిలేటర్లని కోవిడ్ వల్ల పక్కన పెట్టారు, చివరికి నడుముకి, మోకాలికి పెట్టే బ్రేసులు రెండింటికే కాంట్రాక్టులిచ్చారు. మిగతావాటిలో ఆశించిన పొదుపు రాలేదని వదిలేశారు. నిజమైన ఖర్చు అడిగితే అప్పటికే కోసేసిన రేటు కన్నా దిగే చోటు పెద్దగా లేదని మా లెక్క. ఆ కాంట్రాక్టులు కూడా 2023 డిసెంబరు 31తో అయిపోయాయి.

మన ఎల్-1లో మధ్యరేటు లేదు, వేసిన రేటుకే ఇవ్వాలి. ఆ మేరకు అక్కడి పాత పద్ధతి కన్నా ఇది తిన్ననిది. కానీ ఒక చోట అదే వాసన వస్తుంది. రేటు కాంట్రాక్టుల్లో ఒక్కడు సరిపోడని ఎల్-2, ఎల్-3లకి "ఎల్-1 రేటుకి ఇస్తారా?" అని లెటర్ వస్తుంది. గడువు రెండు మూడు రోజులే ఉంటుంది. ఊరికే పేరు పోతుందని ఒప్పేసుకునేవాళ్లని చూస్తుంటాం. ఎల్-1 లెక్క తప్పు వేశాడని మీ షీటు చెబుతుంటే, ఒప్పుకోవడమంటే ఆయన తప్పుని మీరు కొనుక్కోవడమే. చాలా టెండర్లలో మ్యాచింగ్‌కి కాదంటే శిక్ష ఉండదు. ఆ క్లాజు చదివి, లెక్క మళ్లీ కట్టి, గిట్టకపోతే మర్యాదగా ఒక లైను రాసి పంపెయ్యండి.

జెమ్‌లో రివర్స్ ఆక్షన్ (రేటు తగ్గించుకుంటూ పోయే వేలం) వస్తే దీనికి రెట్టింపు జాగ్రత్త కావాలి. మొదట అందరికన్నా ఎక్కువ రేటు వేసినవాణ్ని తీసేసే నిబంధన చాలా బిడ్లలో ఉంటుంది కాబట్టి, "ఆక్షన్లో దిగుదాంలే" అని మొదట్లో బాగా ఎక్కువ వేస్తే అసలు లోపలికే రానివ్వరు. ఆక్షన్ మొదలయ్యే ముందే, అంతకి కిందకి దిగకూడని అంకె కాగితం మీద రాసి ముందు పెట్టుకోవాలి. మన ఉదాహరణలో ఖర్చు 41,925, ఆలస్యం కోతకి 800 కలిపి, జీఎస్టీ కాకుండా 42,725. చివరి పదిహేను నిమిషాల్లో ఒక్కో వంద తగ్గుతుంటే వేలు ఆగదు. ఆ సమయంలో మౌస్ పట్టుకునేవాడు, దిగాలా వద్దా అని నిర్ణయించేవాడు వేరువేరుగా ఉంటే మంచిది.

కాగితాల దగ్గర పోయే బిడ్లు రేటు దగ్గర పోయేవాటి కన్నా ఎక్కువ. కంపెనీ ఇచ్చే ఆథరైజేషన్ లెటర్ మీద ఈ బిడ్ నంబరే ఉండాలి. "ఒడిశా మొత్తానికి" అని ఇచ్చే ఏడాది లెటర్‌ని ఒకచోట తీసుకుంటారు, ఇంకోచోట పారేస్తారు. బ్రోచర్లో మోడల్ నంబరు, టెస్ట్ రిపోర్టులో మోడల్ నంబరు, దిగుమతైతే ఎండీ-15 లైసెన్సులో మోడల్ నంబరు, మూడూ అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. చివర ఒక ఇంగ్లీషు అక్షరం తేడా వచ్చినా తిరగ్గొట్టేస్తారు, వాళ్లని తప్పుపట్టడానికీ లేదు. అమ్మేవాడికి ఎండీ-42 రిజిస్ట్రేషన్ ఉండాలి. 2022 సెప్టెంబరు చివర్లో వచ్చిన సవరణతో ఇది మొదలైంది. ఎండీ-41లో దరఖాస్తు పెట్టాలి, సరుకు పెట్టే చోటు, చూసుకునే అర్హత ఉన్న మనిషి చూపించాలి. ఆ సర్టిఫికెట్‌లో ఉన్న చిరునామా, జీఎస్టీలో ఉన్న చిరునామా ఒకటి కాకపోతే ప్రశ్న వస్తుంది. అన్నదమ్ములు విడిపోయి షాపు మార్చిన చోట్ల ఇది తరచూ కనబడుతుంది. చార్టర్డ్ అకౌంటెంట్ ఇచ్చిన టర్నోవర్ సర్టిఫికెట్ మీద యూడీఐఎన్ (ఆ సర్టిఫికెట్‌కి ఆన్‌లైన్లో వచ్చే గుర్తింపు నంబరు) లేకపోతే చెల్లదు.

ఉద్యం సర్టిఫికెట్ (చిన్న పరిశ్రమల రిజిస్ట్రేషన్) ఉంది కదా, ఈఎండీ (బిడ్‌తో పాటు కట్టే ధరావతు) కట్టక్కర్లేదని అనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. సరుకుల కొనుగోలులో చిన్న పరిశ్రమల రాయితీ తయారీదారుకి. కొని అమ్మే ట్రేడర్‌కి జెమ్‌లో ఆ మినహాయింపు రాదు. ఈఎండీ కట్టకుండా ఉద్యం కాగితం ఎక్కించి వదిలేస్తే రేటు తెరవకముందే, టెక్నికల్ పరిశీలనలోనే పోతుంది. ఎందుకు పోయిందో తెలియక "వాళ్ల మనిషికి ఇచ్చుకున్నారు" అని తిట్టుకోవడం బజారులో వినే మాటే. కంప్లయన్స్ షీటులో (అడిగిన ఒక్కో స్పెసిఫికేషన్‌కీ మీ జవాబు రాసే కాగితం) ప్రతి వరసకీ "కంప్లైడ్" అని దించెయ్యడం కూడా ఆపాలి. ఎదురుగా బ్రోచర్ పేజీ నంబరు, అక్కడున్న అంకె రాయండి. చూసే బయోమెడికల్ ఇంజినీర్‌కి పని తేలికైతే మీ ఫైలు తొందరగా కదులుతుంది.

ఆర్డరు వచ్చాక గడియారం మొదలవుతుంది. జెమ్‌లో ఆలస్యానికి వారానికి అర శాతం, గరిష్ఠంగా 10 శాతం కోత. పన్నెండు చోట్లలో పదకొండు చోట్ల ఇచ్చేసి, వానలకి రోడ్డు తెగిందని ఒక చోటు మిగిలిపోతే ఆ చోటు గడువు అలాగే నడుస్తుంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు మధ్య ఆర్డరైతే లోపలి చోట్లు ముందు, జిల్లా ఆసుపత్రి చివర పెట్టుకోండి. రాయగడ టౌన్లో ఎప్పుడైనా దింపొచ్చు. స్టోర్లో చోటు లేదని, డాక్టరుగారు సెలవులో ఉన్నారని వెనక్కి పంపితే ఆ రోజు తేదీతో ఒక లైను రాయించుకోవాలి, రాయకపోతే అక్కణ్నుంచే కొనుగోలుదారుకి మెయిల్ పెట్టాలి. స్టోర్‌బాబుతో మాట ఒడియాలో అయినా పోర్టల్‌లో రుజువు మెయిలే.

ఇన్‌స్టాలేషన్ రోజున చేసే పరీక్ష ఇలా ఉండాలి. ముందు ప్లగ్ దగ్గర వోల్టేజీ, ఎర్తింగ్ చూడాలి. మిషన్ నడుస్తుండగా మళ్లీ వోల్టేజీ చూడాలి, ఎందుకంటే ఖాళీగా 210 చూపించిన ప్లగ్ లోడు పడగానే 170కి దిగే చోట్లున్నాయి. మిషన్‌ని గోడకి కనీసం ఒక అడుగు దూరంలో పెట్టి, ఫ్లోమీటర్లో బంతి మధ్యగీత 5 మీదకి వచ్చేలా తిప్పి, పది నిమిషాలు వదిలెయ్యాలి. అప్పుడు ఆక్సిజన్ అనలైజర్ గొట్టం తగిలించి అంకె చూడాలి. 5 దగ్గర 93 వస్తే సరే. 5 దగ్గర 86, 3 దగ్గర 93 వస్తుంటే గాలి సరిపోవట్లేదు: ఫిల్టర్ మూసుకుందో, గొట్టం దగ్గర లీకుందో, సీవ్ బలహీనపడిందో. కొత్త మిషన్లో ఇలా వస్తే అక్కడ వదలొద్దు, వెనక్కి తెచ్చెయ్యాలి. హ్యూమిడిఫైయర్ సీసా మూత వంకరగా బిగించినా రోగికి గాలి తగ్గిపోతుంది, కాబట్టి గొట్టం కొస నీళ్లలో ముంచి బుడగలు చూడండి. బయటి స్పాంజి ఫిల్టర్ వారానికోసారి కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టాలని నర్సుకి చేసి చూపించాలి. తడిదే పెట్టేస్తే తేమని మనమే లోపలికి పంపినట్టు. వాడకం లేకపోయినా మిషన్‌ని అప్పుడప్పుడు కాసేపు నడపమని ఒక స్టిక్కర్ ఒడియాలో రాసి మిషన్ మీద అంటించండి. పది రూపాయల స్టిక్కర్, 9,000 సీవ్ జత.

రిపోర్టులో సీరియల్ నంబరు, చూసిన వోల్టేజీ, చూసిన శాతం, మెడికల్ ఆఫీసర్ సంతకం, సీలు, తేదీ. సీలు వేసి తేదీ వెయ్యకపోవడం మామూలు. ఆ తేదీ లేని కాగితం మీద అంగీకార సర్టిఫికెట్ ఆగిపోతుంది. జెమ్ లెక్కన సరుకు చేరిన 48 గంటల్లో తాత్కాలిక రసీదు, 10 రోజుల్లో అంగీకార సర్టిఫికెట్, ఆ తర్వాత 10 రోజుల్లో డబ్బు. కాగితం మీద అంతే. పన్నెండు చోట్లలో ఒక్కరు లాగిన్ అవ్వకపోయినా ఆ చోటి డబ్బు ఆగుతుంది. అందుకే పైన లెక్కలో నాలుగు నెలల వడ్డీ పెట్టాం. లాగిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో సరుకు దింపే రోజే కనుక్కోండి.

బిల్లు వచ్చినప్పుడు మొత్తం రాదు. కాంట్రాక్టు విలువ జీఎస్టీ కాకుండా రెండున్నర లక్షలు దాటితే 2 శాతం జీఎస్టీ టీడీఎస్ పట్టుకుంటారు. మన ఉదాహరణలో 18,12,000 మీద 36,240. అది పోయిన డబ్బు కాదు, జీఎస్టీ పోర్టల్లో టీడీఎస్ క్రెడిట్ పేజీలోకి వెళ్లి మీరు అంగీకరించాలి. అప్పుడు క్యాష్ లెడ్జర్‌లోకి వస్తుంది. ఆసుపత్రివాళ్లు జీఎస్టీఆర్-7 (పట్టుకున్న టీడీఎస్ చూపించే రిటర్ను) వెయ్యకపోతే అక్కడ ఏమీ కనిపించదు, అప్పుడు అకౌంట్స్ సెక్షన్‌కి లెటర్ రాయాలి.

చివరికి మిగిలేది సెక్యూరిటీ డిపాజిట్ కింద ఎఫ్‌డీ పెట్టి ఇచ్చిన బ్యాంకు గ్యారంటీ. వారంటీ అయ్యాక ఇంకో 60 రోజులు చెల్లేలా ఇస్తారు కాబట్టే పైన 38 నెలలు అన్నాం. గడువు దాటినా బ్యాంకు దానంతట అది ఎఫ్‌డీ వదలదు. ఒరిజినల్ గ్యారంటీ గానీ, కొనుగోలుదారు ఇచ్చిన డిశ్చార్జి లెటర్ గానీ అడుగుతుంది. ఆ లెటర్ కోసం వెళ్తే ఆరు దఫాల ప్రివెంటివ్ విజిట్ షీట్లు సంతకాలతో చూపించమంటారు. సీఎంసీ మొదలవ్వాలంటే కొత్త గ్యారంటీ ముందు ఇమ్మని, పాతది తర్వాత ఇస్తామని కూడా అంటారు. రెండూ ఒకేసారి మార్చుకునేలా బ్యాంకు మేనేజర్‌తో ముందే మాట్లాడి పెట్టుకోండి.